హాస్యమున కులము పేరు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పల్నాటి పల్లెలలో నాటకము చూడనివారు అరుదు. చూచి నవ్వనివారు అంతకంటె అరుదు. ఆ నవ్వును గురించియే నాలుగు మాటలు మనవి చేయుదును.

కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’ మీకందరకు తెలిసినదే. వేశ్యాలోలత్వము కొంపల నెట్లు కూల్చునో చూపుటకు వారు సుమారు నూరేండ్ల క్రిందట దానిని రచించిరి. అందు సుబ్బిశెట్టి ఆస్తి పోగొట్టుకొను వర్తకుడు. అయితే గ్రంథమున నున్న సుబ్బిశెట్టి వేరు, అర్ధరాత్రి దాటిన పిమ్మట రంగస్థలముపై కనబడు సుబ్బిశెట్టి వేరు. ఈలల కొరకు, చప్పట్ల కొరకు నాటక సమాజములవారు మాటలు చేర్చుచు పోయిరి. ఒక మనిషి వ్యసనముపై నవ్వవలసినది పోయి, ఒక కులముపై, దాని పలుకుపై, శరీరముపై నవ్వుట మిగిలెను. ఆర్యవైశ్యులు ఫిర్యాదు చేయగా 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనను నిషేధించెను. నటులు తమ జీవనోపాధి పోయినదని వాపోయిరి. వ్యవహారము హైకోర్టు వరకు పోయెను.

తీసివేయవలసినవి చేర్చిన మాటలు, నాటకము కాదు. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొందుమా? అయినను ఆర్యవైశ్యుల నొప్పి అబద్ధమని నేననను. తన బిడ్డను బడిలో ఆ పాత్ర పేరుతో పిలిచినచో ఏ తండ్రికి అది హాస్యమగును?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరొకటి. అదే నాటకమున చింతామణి తల్లి శ్రీహరి యున్నది గదా! ఆమె ధనాశపైనను మనము తరతరములుగా నవ్వితిమి. ఆ నవ్వు విని తల వంచుకొన్న కళావంతుల ఆడపడుచులు లేకపోయిరా? 1947లో మద్రాసు ప్రభుత్వము దేవదాసీ విధానమును చట్టముచే నిషేధించిన పిమ్మట, పెండ్లిండ్లు చేసికొని, ఉద్యోగములలో చేరి, పుట్టిన కులము పేరు చెప్పుకొనుటకే జంకినవారు ఎందరో. వారి పక్షమున అంత గట్టిగా పలికిన గొంతు నేనెరుగను. సంఘబలము, ధనబలము గలవారి నొప్పి దస్త్రమున కెక్కును. లేనివారి నొప్పికి ‘సరదా’ అని పేరు. రెండు త్రాసులనగా ఇవియే.

యువకులు కొందరు, “వాళ్ళే తమ పేరు చివర మాదిగ అని పెట్టుకొంటున్నారు, మేమంటే కేసా?” అని అడుగుచుందురు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోర మ్రోగించినవారు, తమపై విసరిన రాయినే తమ ఇంటి గడపకు పెట్టుకొనిరి. దానిని పెకలించి మరల విసరుటకు మనకు హక్కు రాలేదు. మన కారెంపూడిలో ఏటేట కార్తీకమాసమున వీరుల ఉత్సవములలో మాల కన్నమదాసును తలచి మ్రొక్కుదుము, చాపకూడు భుజింతుము. అక్కడ ఆ కులపదము బిరుదు. అవమానింపదలచి పదిమందిలో దానినే విసరినచో 1989 నాటి చట్టము క్రింద నేరము. 2021 ఆగష్టులో మన ప్రభుత్వము, నాయీబ్రాహ్మణులను ‘మంగలి’ మున్నగు మాటలతో కించపరచరాదని ఉత్తర్వు చేసెను. పెండ్లిలో మంగళవాద్యము వాయించువారి పేరే తిట్టుగా మారుట ఎంత విడ్డూరము!

అమెరికాలో నటుడొక్కడే వేదికపై నిలిచి మాటలతో నవ్వించు స్టాండప్ అను కళ యున్నది. అందు రిచర్డ్ ప్రయర్ అను నల్లజాతి నటుడు, తెల్లవారు తన జాతిని తిట్టిన మాటనే ధారాళముగ వాడుచుండెను. 1979లో కెన్యా దేశము చూచివచ్చిన పిమ్మట ఆ మాటను విడిచిపెట్టెను. 1982 నాటి చిత్రములో ఆ సంగతి తానే చెప్పెను. సొంతవానికే అది బరువైనది. 2006లో లాస్ ఏంజెల్స్‌లో మైఖేల్ రిచర్డ్స్ అను తెల్లజాతి నటుడు, తనకు అడ్డుతగిలిన నల్లజాతి ప్రేక్షకులపై అదే మాట విసరి, పిదప టెలివిజనులో క్షమాపణ చెప్పుకొనెను.

రేపు రాత్రి ఈ పందిటిలోనే మన యువజనులు ప్రహసనము ప్రదర్శింపనున్నారు. వ్రాతప్రతి చదివితిని. కరణము లోభముపై చలోక్తులు బాగున్నవి, నవ్వితిని కూడ. చాకలి పాత్ర ప్రవేశించుచోట మాత్రము ‘ప్రేక్షకుల నవ్వు’ అని వ్రాసియున్నది. అతడింకను నోరు విప్పలేదు, ఏ పొరపాటును చేయలేదు. మూట మోసికొని వచ్చినాడు, అంతే. ఈ గ్రంథాలయమునకు 25 ఏండ్లుగా చందా కట్టుచున్న రజక సోదరులు రేపు ముందు వరుసలలో కూర్చుందురు. ఆ పుట దిద్దుకొనుటకు రేపు పగలంతయు వ్యవధి యున్నది. వ్రాతప్రతిని గ్రంథపాలకుని బల్లపై నుంచితిని.