బరువు బండి టైర్లలో గాలిని కనిపెట్టు పరికరములు
(రైతు శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



టమోటా కానివ్వండి, మామిడి కానివ్వండి, పాలు కానివ్వండి, మన చిత్తూరు, తిరుపతి ప్రాంతపు రైతు పండించినదంతయు టైర్ల మీదనే బజారు చేరవలెను. పైరుకు తెగులు తగిలిన ఆకు చూచి కనిపెట్టుదుము. ఎద్దు కుంటిన రెండడుగులలో తెలిసికొందుము. టైరులో గాలి తగ్గిన సంగతి మాత్రము అది పగిలిన తరువాతనే మనకు తెలియుచున్నది. గాలి తగ్గుచుండగనే డ్రైవరుకు తెలియజేయు పరికరములు ఇప్పుడు అంగళ్లలో దొరకుచున్నవి. వాటిని టి.పి.ఎం.ఎస్. అందురు. వాటిని ఎవరు కొనవలెను, ఎట్టివి కొనవలెను, ఎట్లు బిగించవలెను అను విషయములను మీతో ముచ్చటించదలచినాను.

ముందుగా నేను కండ్లార చూచిన సంగతి ఒకటి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట నాకు తెలిసిన రైతు ఒకరు మదనపల్లెలో తన వ్యానుకు టమోటా క్రేట్లు ఎత్తి మద్రాసు కోయంబేడు మార్కెటుకు బయలుదేరినారు. నేనును ఆ బండిలోనే చిత్తూరు వరకు వచ్చుచుంటిని. వెనుక ఇరుసుకు ప్రక్కకు రెండు చొప్పున నాలుగు టైర్లు. పలమనేరులో టీకి ఆగినపుడు డ్రైవరు ఇనుప కమ్మీతో టైర్లను తట్టి చూచి, అన్నియు బాగున్నవనెను. మొగిలి ఘాటు సగము దిగినామో లేదో, వెనుక ఎడమవైపు బయటి టైరు పగిలినది. దిగి చూడగా లోపలి టైరులో అంతకు ముందే గాలి లేదు. ఇద్దరు మోయవలసిన బరువు ఒక్కడి మీద పడినట్లు, బయటి టైరు ఆ బరువంతయు ఎంత దూరము మోసినదో తెలియదు. రెండును పాడైనవి, స్టెప్నీ ఒక్కటే ఉన్నది. ఇంకొక టైరు తెచ్చి వేయుసరికి తెల్లవారినది. కోయంబేడు చేరునప్పటికి వేలము ముగిసి, మిగులు సరకు కొనువారు చెప్పిన ధరకు ఇచ్చి రావలసివచ్చినది. ప్రాణములు దక్కినవని ఆయన సంతోషించినారుగాని, ఆ కోత కూలి కూడ చేతికి రాలేదు.

"ఏమి సామీ, ఇన్నాళ్లూ కమ్మీతో కొట్టి చూసే కదా తోలినాము" అని మీలో కొందరనవచ్చును. కమ్మీ దెబ్బ అబద్ధమాడదు. బొత్తిగా గాలి లేని టైరును పట్టి యిచ్చును. కాని 80 పౌనుల గాలి ఉండవలసిన టైరులో 62 ఉన్నచో, ఆ రెంటి చప్పుడులోని తేడా ఎంతటి అనుభవశాలి చెవికిని తెలియదు. (చదరపు అంగుళమునకు ఇన్ని పౌనులు అని లెక్క, పంచరు షాపులో 'పాయింట్లు' అనునది దీనినే.) గాలి ఐదవ వంతు తగ్గిన లారీ టైరు మీద బండి నడచినచో, దానిని గాలి లేక నడచిన టైరుగానే భావించి, విప్పి లోపల పరీక్షించవలెనని టైర్ల నిపుణులు చెప్పుదురు. కట్టుతీగను ఒకేచోట ఇటు అటు వంచుచున్న అది వేడెక్కి తెగునుగదా? గాలి తక్కువైన టైరు ప్రక్కలు చక్రము తిరిగినప్పుడెల్ల అట్లే వంగి లేచును. లోపలి నూలు, రబ్బరు వేడికి విడిపోవును. ఘాటు దిగునపుడు బ్రేకు డ్రమ్ముల వేడి దీనికి తోడగును.

ఈ పరికరములు మన కొరకు పుట్టినవి కావు. అమెరికాలో టైర్లు ఊడి అనేక ప్రమాదములు జరిగిన మీదట 2000లో చట్టము చేసి, 2007 సెప్టెంబరు నుండి అక్కడి క్రొత్త కార్లన్నిటిలో వీటిని తప్పనిసరి చేసినారు. ఐరోపాలో 2024 జూలై నుండి క్రొత్త లారీలకు, ట్రైలర్లకు కూడ ఇది నియమమైనది. మన దేశములో 2020లో వచ్చిన సవరణ ప్రకారము, ఈ పరికరము, పంచరు వేయు సామగ్రి రెండును ఉన్న చిన్న కార్లకు స్టెప్నీ లేకున్నను చెల్లును. ఆ దేశములలో పడక, వంటిల్లు అన్నియు ఉన్న ఇంటి వంటి మోటారు బండ్లలో తిరుగువారు కలరు. వీరు చట్టము కొరకు ఎదురుచూడక తామే కొని బిగించుకొనుచుందురు. కారణమేమనగా, ఆ బండి నెలల తరబడి కదలక నిలిచి యుండి, తరువాత నిండు బరువుతో దూరము పోవును. వెనుక టైరు మెత్తబడినను ముందు కూర్చున్నవానికి తెలియదు. మన మామిడి ట్రైలరు కథ ఇదే కాదా?

ఇక ఎవరికి అవసరము? ట్రాక్టరుకు మాత్రము అక్కరలేదని నా అభిప్రాయము. దుక్కి చేయు ట్రాక్టరు వేగము తక్కువ, దాని టైర్లు మన కంటి ముందే ఉండును. వెనుక పెద్ద టైర్లలో బరువు కొరకు నీరు పోయు వాడుక ఉన్నచోట సెన్సారు పెట్టుట అసలు పనికిరాదు. నీరు చొచ్చి చెడిపోవును. అట్టి టైరుకు వాల్వు పైకి వచ్చునట్లు చక్రము త్రిప్పి, మంచి గేజితో వారమునకొకసారి చూచిన చాలును. పరికరము కావలసినది రోడ్డు మీద బరువు మోయు ట్రైలరుకు, పికప్పు బండికి, జంట టైర్ల వ్యానుకు. అందులోను జంట టైర్లలో లోపలి దానికి మొదట కావలెను.

అంగడిలో రెండు రకములు చూపుదురు. ఒకటి టైరు లోపల, రిమ్ముకు బిగించునది. రెండవది వాల్వు మూత తీసి, దాని స్థానములో త్రిప్పి బిగించు బిళ్ల వంటిది. కొన్ని కార్లలో చక్రముల వేగమును బట్టి గాలిని అంచనా కట్టు ఏర్పాటు కలదుగాని, అది ట్రైలరుకు చెల్లదు. లోపలి రకము దొంగతనమునకు, రాతి దెబ్బకు దొరకదు. కాని అది ట్యూబులేని టైర్లకే పనికివచ్చును. బ్యాటరీ అయిపోయిన టైరు విప్పవలెను. మన ట్రైలర్లలో, వ్యానులలో చాలవాటికి ట్యూబు టైర్లే కాబట్టి, బిళ్ల రకము తప్ప వేరు దారి లేదు. పికప్పుకు ట్యూబులెస్ టైర్లున్నచో, క్రొత్త టైర్లు వేయించునాడే లోపలి రకము పెట్టించుట మేలు.

కొనునపుడు మొదట చూడవలసినది ధర కాదు, అది ఎంత గాలి వరకు కొలువగలదో చూడవలెను. కార్ల కొరకు చేసినది 50, 60 పౌనులు దాటిన చేతులెత్తివేయును. మీ బండి టైరుకు చల్లగా ఉన్నపుడు 80 పౌనులు పోయుచున్నచో, కనీసము 120 వరకు చూపు పరికరము కావలెను. లారీల కొరకని ప్రత్యేకముగా అడగండి. రెండవది, సెన్సారు తేలికగా ఉండవలెను. రబ్బరు వాల్వు చివర బరువైన బిళ్ల వ్రేలాడినచో, చక్రము తిరుగు విసురుకు వాల్వు మొదట చిట్లును. గాలి కాపాడుటకు పెట్టినదే గాలి తీసినట్లగును. ఇత్తడి వాల్వు అయినచో ఆ భయము లేదు. మూడవది, అంకెలు చూపు పెట్టె. కొన్నిటికి 12 వోల్టుల కరెంటే పట్టును. మీ బండి బ్యాటరీ 24 వోల్టులదైనచో రెంటికిని పట్టునది కొనవలెను. ట్రాక్టరుకు క్యాబిను ఉండదు కాబట్టి వానకు తడిసినను చెడని పెట్టె కావలెను. సెన్సార్లు రేడియో అలల ద్వారా వార్త పంపును. మధ్య ఇనుప తొట్టి అడ్డమున్నచో అవి అందకపోవచ్చును. పొడుగు బండికి, ట్రైలరుకు అలలను అందుకొని తిరిగి పంపు చిన్న డబ్బా ఒకటి అదనముగా దొరకును. దానిని ట్రైలరు ముందుభాగమున బిగించవలెను. 

బిగించుట మీరే చేసికొనవచ్చునుగాని, తొందరపడరాదు. తెల్లవారుజామున, బండి రాత్రంతయు నిలిచియున్న తరువాత, టైర్లు చల్లగా ఉన్నపుడు పని మొదలుపెట్టండి. బండి తయారీదారు పుస్తకములో ఇచ్చిన లెక్క ప్రకారము, మీ సొంత గేజితో చూచి గాలి నింపండి. టైరు ప్రక్కన అచ్చుపోసిన అంకె ఆ టైరు పూర్తి బరువు మోయునప్పటి లెక్క అని గుర్తుంచుకొనండి. ప్రతి వాల్వుకు సబ్బు నురుగు పూసి చూడండి. బుడగ లేచిన ముందు పిన్ను మార్పించండి. తరువాత సెన్సారును చేతితోనే గట్టిగా బిగించి, మరల నురుగు పూయండి. ఈ రెండవసారి నురుగు పూయుట చాలమంది మానివేయుదురు. సెన్సారు లోపలి రబ్బరు సరిగా కూర్చొననిచో, వాల్వు పిన్ను నొక్కుకొనియే యుండి గాలి సన్నగా పోవుచుండును.

జంట టైర్లలో లోపలి దాని వాల్వు చేతికందదు. అందుకొరకు వాల్వు గొట్టము పొడిగింపు వేయుదురు. రబ్బరు గొట్టము వద్దు, అది ఎండకు చిట్లును. లోహపు గొట్టమే వేయించి, అది రిమ్ముకు తగిలి ఊగకుండ ఆనిక పెట్టించండి.

ఏ సెన్సారు ఏ చక్రమునకు అన్నది పెట్టెకు నేర్పవలెను. సెన్సారు మీద ముందు ఎడమ, వెనుక కుడి లోపల అని రంగుతో గుర్తు వ్రాసికొనండి. టైర్లను ఒకచోటి నుండి మరొకచోటికి మార్చినపుడు సెన్సార్లను కూడ వాటి చోటికి మార్చకపోయిన, పెట్టె ఒక టైరు పేరు చెప్పి మరొక టైరు సంగతి చూపును.

ఇక గంట ఎప్పుడు మ్రోగవలెనో నిర్ణయించవలెను. చల్లని టైరులో 80 పౌనులు మీ లెక్క అయినచో, తక్కువ హద్దు 72 అని, ఎక్కువ హద్దు 100 అని పెట్టండి. ఎక్కువ హద్దు అంత దూరముగా ఎందుకనిన, వేడికి గాలి వ్యాకోచించును. మాఘమాసపు చలిలో మదనపల్లెలో 18 డిగ్రీలప్పుడు 80 నింపిన టైరు, బరువుతో పరుగెత్తి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరిన, సుమారు 93 చూపును. ఇది రోగము కాదు, సహజము. ఇక్కడనే పెద్ద పొరపాటు జరుగుచున్నది. మధ్యాహ్నము అంకె పెరిగినదని భయపడి గాలి వదలుదురు. మరునాటి ఉదయము చల్లబడునప్పటికి ఆ టైరులో 65, 68 పౌనులే మిగులును. వేడి టైరులో గాలి ఎన్నడును తీయరాదు. అంకె ఆ హద్దును కూడ దాటి గంట మ్రోగినచో నీడన బండి ఆపి, బరువు ఎక్కువైనదా, బ్రేకు పట్టుకొనియున్నదా చూడవలెను. మదనపల్లె మిట్ట నుండి సముద్రమట్టమునకు దిగినచో గేజి ఒక పౌను తక్కువ చూపుననుట నిజమే, దానిని లెక్కింపనక్కరలేదు. నైట్రోజను పోయించిన గాలి చూడనవసరము లేదనుట మాత్రము నమ్మకండి. మామూలు గాలిలోను ఐదింట నాలుగు పాళ్లు నైట్రోజనే, అదియు వేడికి అట్లే పెరుగును.

వేడి చూపు అంకెను మరీ నమ్ముకొనరాదు. బిళ్ల రకము వాల్వు చివర గాలి తగులుచోట ఉండును కాబట్టి, లోపలి వేడికంటె తక్కువ చూపును. పౌనుల అంకెనే చూడండి.

2025 జూన్‌లో తోతాపురి కాయతో గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్లు రోజుల తరబడి వరుసగట్టిన సంగతి మీరెరిగినదే. అట్లు నిండు బరువుతో నిలిచిన ట్రైలరు టైరు ఒకేచోట నొక్కుకొని యుండును. చాల సెన్సార్లు బండి నిలిచిన కొంతసేపటికి నిద్రపోవును. పెట్టె మీద నిన్నటి అంకెయే నిలిచి యుండవచ్చును. కదలిన తరువాత కొన్ని నిమిషములకుగాని క్రొత్త అంకె రాదు. కాబట్టి అంతసేపు నిలిచిన బండిని తీయుటకు ముందు గేజితో ఒకసారి చూడవలెను. బండి నిలిచినచోట సెన్సార్లు దొంగతనము పోకుండ అడుగున బిగించు నట్టు ఒకటి ఇత్తురు. దానిని వేయండిగాని, దాని చిన్న స్పానరు డ్రైవరు వద్దనే ఉండవలెను. లేనిచో రాత్రివేళ దారిలో గాలి పట్టించుకొనుటకు వీలుపడదు.

ఈ పరికరము చేయలేని పనులును కలవు. మేకు గుచ్చుకొని సన్నగా పోవు గాలిని చెప్పునుగాని, రాయి కోసి ఒక్కసారిగా పగులు టైరును ముందుగా చెప్పజాలదు. టైరు వయస్సు చెప్పదు. దానిని టైరు ప్రక్కన డాట్ అను అక్షరముల వరుస చివరనున్న నాలుగంకెలలో చూచుకొనవలెను. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. రీబటన్ టైరుకు పై పొర క్రొత్తదైనను లోపలి టైరు వయస్సు ఆ అంకెలదే.

బిగించిన నాడే పరీక్ష చేయండి. ఒక సెన్సారును కొద్దిగా విప్పి, గంట మ్రోగుచున్నదా, పెట్టె సరియైన చక్రమునే చూపుచున్నదా చూచుకొని, మరల బిగించండి. నెలకొకసారి పెట్టె అంకెను గేజితో సరిపోల్చండి. రెండు మూడు పౌనుల తేడా ఉండును; ఐదు దాటిన ఆ సెన్సారు మార్చవలెను. బిళ్లలోని నాణెము వంటి బ్యాటరీలు ఒకటి రెండేండ్లు వచ్చును. మామిడి కోతకు ముందు, వేసవిలో, అన్నిటికిని ఒకేసారి క్రొత్తవి వేసికొనండి. స్టెప్నీకి కూడ ఒక సెన్సారు పెట్టియుంచినచో, అవసరమునాడు అందులో గాలి లేదని ఘాటు మధ్య తెలియు దుస్థితి తప్పును.