బట్టమేక పిట్ట బాకీ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  నేను కరెంటు లైన్ల ఇంజినీరుని. అయినా ఈరోజు ముందుగా ఒక పిట్ట గురించి చెప్పాలి.

తొమ్మిదో తరగతిలో మా సైన్సు సారు మమ్మల్ని రోళ్లపాడు తీసుకుపోయినారు. ఎండలో గడ్డిబీడు వెంట చాలాసేపు నడిచినాం. సద్దిమూటలు దారిలోనే ఖాళీ అయినాయి. ఉన్నట్టుండి సారు అందరినీ కూర్చోమన్నారు. దూరంగా గడ్డిలో తెల్లని మెడ ఒకటి నిటారుగా నిలబడింది. బట్టమేక పిట్ట! మేకంత ఉందిరా అని మావాడొకడు గట్టిగా అరిచి సారు చేత మొట్టికాయ తిన్నాడు (వాడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పను). మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుందని, ఆడది నేలమీదే, మామూలుగా ఒక్కటంటే ఒక్క గుడ్డే పెడుతుందని సారు చెప్పినారు. పరీక్షలో రాదని నేను రాసుకోలేదు. 1988లో ఆ పిట్ట కోసమే అక్కడ అభయారణ్యం వచ్చింది.

మళ్లీ దాన్ని దగ్గరగా చూసింది జైసల్మేర్ దగ్గర, ఒక లైను పని మీద పోయినప్పుడు. టవర్ల మధ్య ఇసుకలో పడి ఉంది. మెడ విరిగింది. ఆ పొద్దు లైను ట్రిప్ కాలేదు, లాగ్‌బుక్కులో ఏమీ లేదు. పైనుండే ఎర్త్ వైరు సన్నగా ఉంటుంది. దానికి కొట్టుకుని ఉంటుంది. ఈ పిట్ట కళ్లు తలకు పక్కలకు ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. తీగ కనబడినా, అంత ఒళ్లేసుకుని చప్పున పక్కకు తిరగలేదు. నా లెక్కల్లో గాలి వేగం ఉంది, తీగ వేలాడే కొలత ఉంది. పిట్ట లేదు. లాగ్‌బుక్కులోకి ఎక్కని నష్టం మా వృత్తిలో నష్టమే కాదు. ఆ రాత్రి మాత్రం సారు గుర్తొచ్చినారు.

దేశం మొత్తం మీద ఈ పక్షులు ఇప్పుడు నూటయాభై లోపేనని అంచనా. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే. 2021లో సుప్రీంకోర్టు వాటి తావుల్లో లైన్లను భూమి కింద వేయమంది. 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీ వేసింది. సోలారు కరెంటూ కావాలి, పిట్టా కావాలి. భూగర్భ కేబులు ఎంత ఖర్చో తెలిసినవాణ్ని, అది సులువని చెప్పను. తీగలకు మెరిసే బిళ్లలు తగిలించడం మాత్రం మేం ఎప్పుడో చేయాల్సిన పని. జైసల్మేర్ జిల్లాలో 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా ఒక పిల్ల పుట్టింది.

మన రోళ్లపాడులో జింకలు గుంపులుగా ఉన్నాయి. పంట మేస్తున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు, అదీ నిజమే. బట్టమేక పిట్ట కోసం పోయినవాళ్లు మాత్రం ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మన జూలలో జంతువుల్ని దత్తత ఇస్తారు. హైదరాబాదు, తిరుపతి, విశాఖ, మూడుచోట్లా ఉంది. జంతువు అక్కడే ఉంటుంది, మనం దాని మేత ఖర్చు కడతాం, బోర్డు మీద పేరు రాస్తారు. పేరుందంటే అందరి కళ్లూ పులిమీద, ఏనుగుమీదే! రాబందును ఎవరు అడుగుతారు? పశువులకు వేసే డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు ఊడ్చిపెట్టుకుపోయినాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించినారు. హైదరాబాదు జూలో రాబందుల్ని పెంచి పిల్లల్ని చేయించే కేంద్రం ఉంది. మూషిక జింకల్ని కూడా అక్కడే పెంచి, నల్లమల అడవిలో వదిలినారు. మేత డబ్బుతో అడవి తిరిగి రాదు, ఆ భ్రమ నాకు లేదు. కానీ పిల్లల్ని పెంచి అడవికి పంపే చోట మేతకూ విలువుంది.

కమిటీ పెద్దలు కోప్పడకండి. స్వర్ణోత్సవ నిధితో గేటుకు తోరణం కడదామన్నారు. తోరణాన్ని రెండడుగులు తగ్గించి, ఆ మిగులుతో మూడేళ్లు ఒక రాబందును గానీ మూషిక జింకను గానీ పోషిద్దాం. బోర్డు మీద మా సైన్సు సారు పేరు రాయిద్దాం. ఇంకొకటి. ఏటా మనం మొక్కలు నాటుతున్నాం కదా, గడ్డిబీళ్లలో మాత్రం వద్దు. చూసేవాళ్లకు అది బీడు, బట్టమేక పిట్టకు అదే ఇల్లు. చెట్లు లేని చోటే దానికి కావాలి.

ఇప్పటి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఈ చలికాలం రోళ్లపాడు తీసుకుపోయేందుకు బస్సు ఖర్చు మా బ్యాచ్‌ది. జింకలైనా కనబడతాయి. బైనాక్యులర్లు నేను తెస్తాను. దత్తత కాగితాలు సెక్రటరీ గారి దగ్గర ఉన్నాయి, ఆయన అన్నం వడ్డించే చోటే కూర్చుంటారు.