ఫిర్యాదు రాయండి, ఆఫీసు మెయిల్ నుంచి మాత్రం వద్దు

(షామ్‌బర్గ్‌లో ఆదివారం జరిగిన మన సమావేశంలో ఒక సభ్యుడు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఇక్కడ పెడుతున్నాం. చదివి మీ రూమ్మేట్లకి కూడా పంపండి.)

ఇంత చలిలో నేపర్‌విల్, అరోరా నుంచి కూడా వచ్చారు, సంతోషం.

నేను లాయర్ని కాను. చాలా ఏళ్ళుగా కంపెనీల మెయిల్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. ముందు నా సంగతే చెప్తాను.

2014 ఫిబ్రవరి. రాష్ట్ర విభజన బిల్లు రోజులు. 13వ తేదీ పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టారని వార్త. ఆఫీసుకైతే వెళ్ళాను గానీ మనసు పని మీద లేదు. ఎదురుగా ఆఫీసు అవుట్‌లుక్ తెరిచి ఉంది. అందులోనే మన ఎంపీలకి ఒక ఘాటైన ఉత్తరం రాసి, మా టీములో ఉన్న తెలుగువాళ్ళందరికీ కాపీ పెట్టాను. వాళ్ళలో అటువాళ్ళూ ఉన్నారు, ఇటువాళ్ళూ ఉన్నారు. మధ్యాహ్నానికల్లా ‘రిప్లై ఆల్’లో ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మొదలైంది. సాయంత్రానికి ఎవరో దాన్ని హెచ్‌ఆర్‌కి పంపారు.

మర్నాడు హెచ్‌ఆర్ ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది: “ఇది కంపెనీ తరఫున రాశావా?” మెయిల్ కింద చూస్తే నా పేరు, హోదా, కంపెనీ లోగో, ఫోన్ నంబరు. సిగ్నేచర్ దానంతట అదే పడింది. ఆవిడకి తెలంగాణ తెలీదు, సమైక్యాంధ్ర తెలీదు. ఇంకో దేశపు ఎంపీలకి తమ కంపెనీ పేరు మీద కోపంగా ఒక ఉత్తరం వెళ్ళింది, ఆవిడకి కనిపించింది అంతే. రాతపూర్వక వార్నింగ్‌తో బయటపడ్డాను. అప్పుడు నేను హెచ్‌1బీ మీద ఉన్నాను. ఉద్యోగం పోతే ఇప్పుడిస్తున్న 60 రోజుల గడువు అప్పటికి లేదు, అది 2017 జనవరిలో వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2025 సెప్టెంబర్ 19న కొత్త హెచ్‌1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చినప్పుడు మనవాళ్ళు చాలామంది కాంగ్రెస్ సభ్యులకి ఉత్తరాలు రాశారు. మంచి పని. కానీ నాకు ఫోన్ చేసినవాళ్ళలో ముగ్గురు ఆఫీసు మెయిల్ నుంచే పంపేశామని చెప్పారు. నాకు గుండె ఝల్లుమంది.

“వాక్ స్వాతంత్ర్యం ఉన్న దేశం కదా అన్నా” అన్నాడు ఒక తమ్ముడు. ఉంది. కానీ ఫస్ట్ అమెండ్‌మెంట్ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, ప్రైవేటు కంపెనీని కాదు. ఇల్లినాయ్‌లో మామూలుగా ‘ఎట్ విల్’ ఉద్యోగాలే. వివక్ష, ప్రతీకారం లాంటి చట్టం కాదన్న కారణాలు తప్పిస్తే, కంపెనీ ఎప్పుడైనా వద్దనొచ్చు. ఆఫీసు మెయిల్‌ని పనికి తప్ప వాడకూడదని హ్యాండ్‌బుక్‌లో రాసి, మీ చేత సంతకం పెట్టించుకునే ఉంటారు. మీ అభిప్రాయం తప్పని వాళ్ళు అనక్కర్లేదు. “రూల్ తప్పావు” అంటే చాలు.

“నేను సెంట్ ఐటమ్స్‌లోంచి డిలీట్ చేసేశా” అని ఇంకొకరు అన్నారు. డిలీట్ అయ్యేది మీ కంటికి మాత్రమే. సర్వర్లో కాపీ ఉంటుంది, బ్యాకప్‌లో ఉంటుంది. టీమ్స్, స్లాక్ చాట్లూ అంతే. పిల్స్‌బరీ కంపెనీ ఉద్యోగి ఒకాయన పెన్సిల్వేనియాలో ఫెడరల్ కోర్టుకి వెళ్ళాడు. మెయిళ్ళు గోప్యంగా ఉంటాయని, వాటిని బట్టి ఎవర్నీ తియ్యమని కంపెనీ మాటిచ్చిందని, అయినా తన మెయిళ్ళు చూసి తీసేసిందని ఆయన వాదన. 1996లో కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది.

ఇల్లినాయ్‌లో మనకి ఒక రక్షణ ఉంది. మీ సొంత ఆన్‌లైన్ ఖాతా పాస్‌వర్డ్ ఇమ్మని కంపెనీ అడగకూడదని చట్టం ఉంది. కానీ తన కంప్యూటర్నీ తన మెయిల్‌నీ కంపెనీ చూసుకోవడాన్ని ఆ చట్టం ఆపదు.

అందుకని నోరు మూసుకోమని నేను చెప్పట్లేదు. ఇలా చెయ్యండి.

సొంత మెయిల్, సొంత ఫోన్, సొంత టైము. ఆఫీసు వైఫై, వీపీఎన్ కూడా వద్దు. పంపేముందు ‘ఫ్రమ్’ దగ్గర ఏ అడ్రస్ ఉందో చూడండి. ఫోన్లో రెండు ఖాతాలూ ఉంటే తప్పు జరిగేది అక్కడే. మీ కంపెనీ పేరు, క్లయింటు పేరు రాయొద్దు. ఆఫీసు కాగితాలు జత చెయ్యొద్దు.

కాంగ్రెస్ సభ్యుడికి రాసేటప్పుడు మీ ఇంటి అడ్రస్, జిప్ కోడ్ ఇవ్వండి. వాళ్ళు చూసేది మీరు వాళ్ళ నియోజకవర్గంలో ఉన్నారా లేదా అని. పౌరసత్వం లేకపోయినా రాయొచ్చు. ఇండియా ప్రభుత్వంతో పనైతే కాన్సులేట్ విషయాలకి మదద్ పోర్టల్, మిగతా కేంద్ర శాఖలకి సీపీగ్రామ్స్ ఉన్నాయి. అక్కడా సొంత మెయిల్‌తోనే రిజిస్టర్ అవ్వండి.

జీతం సంగతి వేరు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్ళని పని లేదని జీతం లేకుండా బెంచ్ మీద కూర్చోబెడితే అది రాజకీయం కాదు, చట్ట ఉల్లంఘన. లేబర్ డిపార్ట్‌మెంట్‌కి డబ్ల్యూహెచ్-4 ఫారం మీద 12 నెలల లోపు ఫిర్యాదు చెయ్యొచ్చు. చేసినందుకు మీ మీద కక్ష తీర్చుకోకూడదని కూడా చట్టంలో ఉంది. దానికి కూడా ఆఫీసు మెయిల్ వాడకండి. మీ పేస్టబ్‌లు మాత్రం ఇంట్లో దాచుకోండి.

ఇప్పటికే పంపేసినవాళ్ళు కంగారు పడకండి. వెనక్కి తీసుకుంటున్నామని అందరికీ ఇంకో మెయిల్ పెట్టొద్దు. డిలీట్ చేసి దాచే ప్రయత్నం వద్దు, అది పెద్ద తప్పుగా చూస్తారు. హెచ్‌ఆర్ పిలిస్తే అబద్ధం చెప్పొద్దు: “నా సొంత అభిప్రాయం, పొరపాటున ఆఫీసు ఖాతా వాడాను, మళ్ళీ జరగదు.” ఏదైనా సంతకం పెట్టమంటే చదువుకోవడానికి టైము అడగండి. ఉద్యోగమే పోతే గడువు ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి లెక్క, మామూలుగా జీతం ఇచ్చిన చివరి రోజుని బట్టి. 60 రోజులు లేదా ఐ-94 తేదీ, ఏది ముందైతే అది. ఆ రోజే ఇమ్మిగ్రేషన్ లాయర్ని కలవండి, మన గ్రూపులో కూడా చెప్పండి. సిగ్గుపడి దాచుకుని నలభై రోజులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

నేను ఆ తర్వాత కూడా ఎంపీలకి ఉత్తరాలు రాశాను, ఇప్పటికీ రాస్తున్నాను. మా వంటింటి బల్ల మీద, నా పాత లాప్‌టాప్ నుంచి. కింద నా పేరు, మా ఇంటి అడ్రస్ ఉంటాయి. ఇంకేమీ ఉండదు.

ఇంటికెళ్ళాక ఒక్క పని చెయ్యండి. మీ ఫోన్లో మెయిల్ తెరిచి, డిఫాల్ట్‌గా ఏ ఖాతా ఉందో చూసి మార్చుకోండి. రెండు నిమిషాల పని.