హార్మోను పిలుపు - కణము పలుకు

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మధుమేహమను మాట వినని ఇల్లు నేడు అరుదు. నెత్తురులో చక్కెర పెరిగినదందురు. అది నెత్తురులోనే ఏల నిలిచిపోయినదని అడుగువారు తక్కువ. దానికి జవాబు కణము గడపవద్ద కలదు.

గ్రంథులు రక్తములోనికి అతిస్వల్పముగా విడుచు కొన్ని పదార్థములకు 1905లో స్టార్లింగను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హార్మోనులని పేరిడెను. రక్తము అన్ని అవయవములకును పోవును. కాని ఒక్కొక్క హార్మోను మాటను దానికి తగిన గ్రాహకము గల కణములే వినును. గ్రాహకమనగా ఒక విధమైన మాంసకృత్తు. ఈ రెండింటిని తాళమునకును చెవికిని పోల్చుట వాడుక. ఆ పోలిక నాకు సగమే నచ్చును. తాళము తెరచుకొని ఊరకుండును. గ్రాహకమో, తన రూపు మార్చుకొని లోపలికి కబురంపును.

ఇన్సులినునే చూడుడు. క్లోమమున పుట్టిన ఇన్సులిను కండర కణపు పైపొరమీది గ్రాహకమును తాకగనే, దాని లోపలి భాగము మేల్కొని, ఒకదానివెంట నొకటిగా ఇతర మాంసకృత్తులను కదల్చును. తుదకు కణములో దాగియున్న గ్లూకోజు వాహకములు పైపొరకు చేరి చక్కెరను లోనికి తీసికొనును. ఇన్సులిను స్వయముగా చక్కెరను మోయదు. పిలుచుట మాత్రమే దాని పని. అన్ని హార్మోనుల తీరు ఇట్లుండదు. థైరాయిడు హార్మోను కణములోనికే పోయి కేంద్రకములోని గ్రాహకమును చేరును.

మొదటి రకపు మధుమేహమున పిలుచువాడే లేడు. ఇన్సులినును చేయు కణములు నశించును. పూర్వము అట్టి బిడ్డలు ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. 1922 జనవరిలో టొరంటో నగరమున లెనార్డ్ థాంప్సనను 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిను సూది వేసిరి. ఆ మందు శుద్ధముగా లేక ఫలింపలేదు. 12 దినముల పిదప, కాలిప్ శుద్ధిచేసిన మందుతో చక్కెర దిగెను. ఆ బాలుడు 1935 వరకు జీవించెను.

రెండవ రకమున ఇన్సులిను పిలుచును గాని కణము సరిగా వినదు. ఈ భేదమును 1936లో హిమ్స్‌వర్త్ అను వైద్యుడు చూపెను. కణము వినకున్నకొలది క్లోమము మరింత ఇన్సులినును విడిచి, ఏండ్లు గడచినపిదప అలసిపోవును. ఇచ్చట ఒక విశేషము కలదు: పనిచేయుచున్న కండరము ఇన్సులిను పిలుపు లేకయే ఆ వాహకములను పైకి తెచ్చుకొనగలదు. వైద్యులు నడువుడనుట ఊరక కాదు.

కాని నడకతోను, పసరుతోను నయమగునని చెప్పి మొదటి రకపు బిడ్డకు సూది మానిపించువారున్నారు. ఆ బిడ్డకు లోపించినది వినికిడి కాదు, ఇన్సులినే. సూది ఆపినచో కొలది దినములలోనే రక్తమున ఆమ్లములు పెరిగి ప్రాణాపాయమగును. అట్టి బిడ్డకు వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కనబడినచో తెల్లవారువరకు ఆగక ఆస్పత్రికి తీసికొనిపోవలెను.