సంతకం పెట్టేముందు
(తాండూరు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

వికారాబాద్ అనంతగిరి కొండల పక్కన రిసార్టులు పెరిగాయి. 'బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ రండి' అని తాండూరు ఇళ్లకీ ఫోన్లు వస్తున్నాయి. మన మాటకు విలువిచ్చి కాదు. 'ఇంట్లో అడిగి చెప్తా' అనే మాట భర్తకు మిగలకుండా ఇద్దర్నీ పిలుస్తారు.

టైమ్‌షేర్ సభ్యత్వం పేరిట సాధారణంగా అమ్మేది గది కాదు, భూమి అసలే కాదు. ఏడాదికి కొన్ని రోజులు వాడుకునే హక్కు. వెళ్లకపోయినా ఏటా నిర్వహణ రుసుము కట్టాల్సి వస్తుంది. 'అద్దెకిచ్చుకోండి, వద్దనుకుంటే మేమే అమ్మిపెడతాం' అంటే, ఆ ముక్క ఒప్పందంలో ఎక్కడుందో చూపించమనండి. ఇంగ్లీషు కాగితాన్ని ఇంటికి తెచ్చి చదివించుకోండి. అమ్మిపెట్టడానికి ముందే డబ్బడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

గాజులు కుదువపెట్టింది మనమైతే కాగితం మీద ఆయన పేరొక్కటే ఎందుకు? పేరుతోపాటు రుసుము భారమూ వస్తుందని మాత్రం తెలుసుకోండి.

మోసపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మనముండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, కంపెనీ ఊరికి పరుగెత్తనక్కర్లేదు. ముందు 1915కు ఫోన్ చేయండి.