దుర్గాబాయమ్మ దగ్గర మనం నేర్చుకోవలసింది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మహాసభలో ఒక్కో సంఘం ఒక్కో మహనీయురాలి గురించి చెప్పాలని కార్యవర్గం అన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని మేమే అడిగి తీసుకున్నాం. ఆవిడ మన రాజమండ్రిలో 1909 జూలై 15న పుట్టిన మనిషి. గోదావరి నీళ్ళు తాగిన మనిషి అయ్యుండి కూడా, ఆ పేరు చెబితే మా సంఘంలో సగం మంది హైదరాబాదు విద్యానగర్‌లో ఉన్న ఆసుపత్రి పేరు కదా అన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆవిడకి ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఆ రోజుల్లో అది మామూలే. పెద్దయ్యాక ఆ కాపురం తనకు వద్దని ఆవిడ నిదానంగా చెప్పేసింది, ఆయన వేరే పెళ్ళి చేసుకున్నారు. ఇక్కడితో అయిపోతే ఇది ధైర్యం కథ మాత్రమే. కానీ చాలా ఏళ్ళ తర్వాత ఆయన చనిపోతే, ఆ రెండో భార్య అయినవాళ్ళ మధ్యే ఆదరణ లేక ఇబ్బంది పడితే, ఆమెను దగ్గరకు తీసి పని నేర్పించి తన కాళ్ళ మీద నిలబెట్టింది కూడా దుర్గాబాయమ్మే. మన ఊళ్ళలో ఇలాంటి సంబంధం ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు ఒక వీధిలో ఎదురైతే ఎలా ఉంటుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. అప్పటికి ఈ పిల్లకు పన్నెండేళ్ళు. దేవదాసీలను, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలను ఆయన చేత మాట్లాడించాలని ఆమె పట్టు పట్టింది. ఐదు వేల రూపాయలు పోగు చేసి ఇస్తే ఆయన సమయం ఇప్పిస్తామని పెద్దలు అన్నారు. అప్పటి ఐదు వేలు అంటే ఎంతో ఆలోచించండి. ఆ డబ్బు కూడబెట్టింది దేవదాసీలే. ఐదు నిమిషాలని చెప్పిన గాంధీగారు అంతకంటే చాలా సేపే ఉన్నారు. ఆయన హిందీలో చెబుతుంటే ఈ పిల్లే తెలుగులో చెప్పింది. ఊరంతా చిన్నచూపు చూసే ఆడవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టాలని పన్నెండేళ్ళ పిల్లకు తట్టింది. మన సంఘాల్లో ఇప్పటికీ కొన్ని వీధుల ఆడవాళ్ళు వెనకాలే కూర్చుంటున్నారు. ఈ మాట కొందరికి కోపం తెప్పించినా సరే, చెప్పాలని మాలో మేం అనుకునే వచ్చాం.

తర్వాత 1923లో కాకినాడలోనే కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఖద్దరు ప్రదర్శన దగ్గర ఈ అమ్మాయి వాలంటీరు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని చెప్పారు. నెహ్రూగారు వచ్చారు, టిక్కెట్టు లేదు. ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి కేకలేశారు. మీరు చెప్పిన పనే చేశానంది. చివరికి టిక్కెట్టు తెప్పించాకే ఆయన్ని వదిలింది. ఆయన కోప్పడలేదు, మెచ్చుకున్నారు.

ఈ కథ చదువుతుంటే మా సంఘంలో అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎందుకంటే పోయిన ఏడాది ఊళ్ళో మాట చెల్లే ఇంటి కోడలికి అప్పు ముందు ఇవ్వమని ఒత్తిడి వచ్చింది. నాలుగు నెలలుగా మీటింగుకు రాలేదు, పొదుపు కట్టలేదు. వరసలో ఆమె కన్నా ముందు ముగ్గురున్నారు. తీర్మానం పుస్తకం తెరిచి చూపించాం. ఇంటికి పిలిపించి మాట్లాడారు, మా వాళ్ళ భర్తలకు కబురు పెట్టారు. అయినా వరస మార్చలేదు. తర్వాత నెల ఆమే వచ్చి పాత పొదుపు బకాయి కట్టి కూర్చుంది. ఇప్పుడు మీటింగులో అందరికంటే గట్టిగా లెక్క అడిగేది ఆవిడే! నెహ్రూగారిలా అందరూ వెంటనే మెచ్చుకోరు, కొంచెం టైము పడుతుంది.

ఇక అసలు సంగతి. ఉప్పు సత్యాగ్రహం రోజుల నుంచి 1933 లోపు దుర్గాబాయమ్మ మూడు సార్లు జైలుకు వెళ్ళింది. మధురై జైల్లో ఒంటరి గదిలో ఉంచారు, ఆరోగ్యం పాడైంది. ఆ జైళ్ళలో ఆవిడ చూసింది ఏమిటంటే, హత్య కేసుల్లో శిక్షలు పడిన ఆడవాళ్ళలో చదువు రానివాళ్ళు ఉన్నారు, తమ మీద ఉన్న కేసు ఏమిటో, కోర్టులో ఏం జరిగిందో వాళ్ళకే సరిగ్గా తెలీదు. బయటికొచ్చాక లా చదివి ఇలాంటి వాళ్ళకు ఊరికే సాయం చెయ్యాలని అక్కడే అనుకుంది.

కానీ ఆవిడకు అప్పటికి మెట్రిక్కే లేదు. ఇంగ్లీషు చదువును రుద్దుతున్నారని చిన్నప్పుడే బడి మానేసిన మనిషి. ఇరవై ఏళ్ళు దాటాక, జైలు నుంచి వచ్చాక, బెనారస్ మెట్రిక్ కట్టింది. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ చదువుతానంటే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. పేపర్లో ప్రకటన ఇచ్చి చదవాలనుకునే అమ్మాయిల్ని పోగు చేసి, తామే హాస్టలు పెట్టుకున్నారు. 1942లో మద్రాసులో లా పూర్తయింది. ఈలోగానే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. అది మొదలైంది కూడా ఆడపిల్లల్ని ఆ మెట్రిక్ పరీక్షకు తయారు చెయ్యడంతోనే. తాను దాటిన వాగు మీద వెనకవాళ్ళకు వంతెన కట్టింది.

తర్వాతివి పెద్ద పదవులు. రాజ్యాంగ సభలో సభ్యురాలు. 1952 ఎన్నికల్లో ఓడిపోయింది, అయినా ఇంట్లో కూర్చోలేదు, ప్లానింగ్ కమిషన్‌లో పనిచేసింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. ఆ ఏడాదే దేశ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకుంది. 1975లో పద్మవిభూషణ్. 1981 మే 9న పోయారు. ఢిల్లీ మెట్రోలో ఒక స్టేషనుకు ఆవిడ పేరు ఉందట, మనలో ఎవరైనా వెళ్తే చూసి రండి. వీటన్నిటికంటే మాకు నచ్చింది ఒకటుంది. బోర్డులో ఉండగా 1958లో, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్ద వయసు ఆడవాళ్ళకు తక్కువ కాలంలో పరీక్షలు కట్టించే కోర్సులు పెట్టించింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మా ఊళ్ళో ఒక సభ్యురాలు వారం వారం కట్టే ప్రైవేటు అప్పు కాగితం మీద పక్కింటామెకు సాక్షి అనుకుని సంతకం పెట్టింది. అది జామీను. పక్కింటామె వలస పోయింది, వసూలుకు వచ్చినతను ఈమె గుమ్మంలో కూర్చున్నాడు. కట్టేదాకా లేవనన్నాడు. ఈమెకు సంతకం వచ్చు, చదవడం రాదు. ఆ రోజు ఎనిమిది మందిమి వెళ్ళాం. కాగితం చూపించమన్నాం, గట్టిగా చదివించాం, ఎంత బాకీ, ఎంత వడ్డీ అని రాయించుకున్నాం. గుమ్మంలో కూర్చోవద్దని, రావాలంటే పగలు రమ్మని చెప్పాం. సంఘంలో అంతర్గత అప్పు ఇచ్చి ఆ బాకీ కట్టించాం. ఇప్పుడు ఆమె సంఘానికి నెల నెలా కడుతోంది. కానీ తన పైసా వాడుకోని అప్పుకి ఆమె నిద్రలేకుండా గడిపిన రాత్రులు ఎవరు తిరిగిస్తారు? జైల్లో దుర్గాబాయమ్మ చూసిన ఆడవాళ్ళకూ మనకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. సంతకం నేర్చుకుని మనం అక్షరాస్యులమయ్యామని రిజిస్టర్లలో రాసుకుంటున్నాం. సంతకం మాత్రమే వస్తే, వేలిముద్ర కంటే ఎక్కువ ప్రమాదమని మాకనిపిస్తోంది. వేలిముద్ర వేసేటప్పుడు కనీసం ఇందులో ఏముందని అడుగుతాం.

అందుకే మా సంఘం రెండు పనులు మొదలుపెట్టింది. ప్రతి తీర్మానం, ప్రతి బ్యాంకు లింకేజీ కాగితం సంతకాలకు ముందు పైకి చదవాలి, అది వీఓఏ గారే కానక్కర్లేదు, చదువు వచ్చిన సభ్యులు వంతులవారీగా చదవాలి. మీటింగు అరగంట ఎక్కువ పడుతోంది. కొందరు గొణుగుతున్నారు కూడా. రెండోది, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టేందుకు నలుగురు పేర్లిచ్చారు. వాళ్ళలో ఒకావిడ అమ్మమ్మ. పగలు కూలి పని, రాత్రి ఎనిమిదికి అంగన్‌వాడీలో కూర్చుంటున్నారు. పదో తరగతి చదివినవాళ్ళం మాలో ముగ్గురం ఉన్నాం, లెక్కలూ తెలుగూ చెబుతున్నాం. ఇంగ్లీషుకు మాత్రం మాకూ ఒకరు కావాలి.

ఈ సభను మేం అడిగేది ఒక్కటే. మిగతా ఊళ్ళలో కూడా పేర్లు రాయండి, పరీక్ష ఫీజు, పుస్తకాల ఖర్చు సమాఖ్య నిధి నుంచి ఇవ్వాలా, అప్పుగా ఇవ్వాలా అన్నది మధ్యాహ్నం భోజనాల తర్వాత చర్చకు పెట్టండి. అప్పుగా ఇస్తే వడ్డీ వద్దని మా సంఘం అభిప్రాయం, తీర్మానం కాపీ కోశాధికారి గారికి ఇచ్చాం.