వేడెక్కిన జేసీబీ ఎందుకు మొరాయిస్తుంది? పంపు విప్పే ముందు చూడాల్సిన ఐదు సంగతులు

(తిరువూరులో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాగర్ నీళ్ళ గురించి, మామిడి ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు నన్ను పాత జేసీబీ గురించి మాట్లాడమన్నారు. అది మెకానిక్కుల గొడవ, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఆ గొడవకు బిల్లు కట్టేది మనమే కాబట్టి మనకు కావాలి.

మన దేశంలో జేసీబీ కంపెనీ 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో మొదలైంది. ఇప్పుడు ఏ కంపెనీ బండినైనా మన ఊళ్ళలో జేసీబీ అనే అంటాం. కాలువ పూడిక తీయాలన్నా, చెరువు మట్టి తోలాలన్నా, ముసలి మామిడి చెట్ల మోళ్ళు పెకలించాలన్నా అదే రావాలి. కొత్త బండ్లు రోడ్ల కాంట్రాక్టులకు పోతాయి. మన పొలాలకు వచ్చేవి ఎక్కువగా పదీ పదిహేనేళ్ళు పనిచేసి చేతులు మారినవి. వాటిలో తరచూ కనపడే జబ్బు ఒకటి ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. మధ్యాహ్నం వేడి మీద ఆపితే మళ్ళీ లేవదు. గంటో రెండు గంటలో చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది.

అందుకే ఆపరేటర్ ఏమంటాడు? "బండి ఆపొద్దు బాబాయ్, ఆపితే మళ్ళీ లేవదు" అంటాడు. టీకి వెళ్ళినా, అన్నానికి వెళ్ళినా, ట్రాక్టర్ ట్రక్కు కోసం ఎదురు చూస్తున్నా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. దానితో పాటు గంటల మీటరూ తిరుగుతుంది. గంటకు 1200 రూపాయలు అనుకుందాం. రోజుకు 40 నిమిషాలు ఊరికే తిరిగితే 800 రూపాయలు. మూడు రోజుల పనికి 2400. డీజిల్ రైతే పోసే ఒప్పందమైతే ఆ డీజిలూ మనదే. అంటే బండి జబ్బుకు మందు ఖర్చు మనం కడుతున్నాం, జబ్బు మాత్రం నయం కావటం లేదు.

ఇంకో సంగతి. చెరువులు ఎండి, కాలువలు కట్టేసి, పూడిక తీసే రోజులు ఏప్రిల్, మే నెలలు. ఈ జబ్బు ముదిరేదీ ఆ ఎండల్లోనే. వానాకాలంలో గండి పడినప్పుడు బండి మొరాయిస్తే నష్టం డబ్బుతో పోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పూడ్చటానికి యంత్రాలు రాత్రింబవళ్ళు పనిచేయాల్సి వచ్చిన సంగతి మనందరికీ తెలుసు.

అసలు కారణం ఏమిటి?

డీజిల్ ఇంజనుకు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. కాబట్టి మామూలుగా వేడిగా ఉన్న ఇంజనే తేలిగ్గా స్టార్ట్ కావాలి. చల్లగా లేచి, వేడిగా లేవడం లేదంటే కంప్రెషన్ పోయిందన్న అనుమానం వెనక్కి పెట్టవచ్చు. ఎవరైనా వెంటనే "ఇంజను బోరుకొచ్చింది" అంటే, పొద్దున ఎలా లేస్తుందో ముందు చెప్పమనండి.

ఇంకో గుర్తు చూడండి. ఆపిన వెంటనే తిప్పితే లేస్తుంది, పావుగంట ఆగి వస్తే లేవదు. ఎందుకు? ఇంజను ఆగితే ఫ్యాను ఆగుతుంది, నీళ్ళు తిరగటం ఆగుతుంది. లోపలి వేడంతా బయటికి పాకి డీజిల్ పంపుకు, సెల్ఫ్ మోటారుకు ఎక్కుతుంది. ఆపిన తర్వాత కాసేపు వాటి వేడి తగ్గదు, పెరుగుతుంది.

పరీక్షలు మొదలుపెట్టే ముందు బకెట్లు రెండూ నేల మీద ఆనించండి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. వేడి రేడియేటర్ మూత తీయవద్దు.

ఒకటి: సెల్ఫ్ ఎంత వేగంగా తిరుగుతోంది?

పొద్దున తిరిగినంత చురుగ్గా మధ్యాహ్నం తిరుగుతోందా? ఈడుస్తున్నట్టు తిరిగితే డీజిల్ పంపు జోలికి పోవద్దు, లోపం కరెంటు వైపు ఉంది. రాగి తీగ వేడెక్కితే కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 50 డిగ్రీల వేడి పెరిగితే ఆ అడ్డు దాదాపు ఐదో వంతు ఎక్కువవుతుంది. దానికి తోడు తుప్పు పట్టిన ఎర్త్ వైరు, అరిగిన కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు ఉంటే చెప్పక్కర్లేదు.

కొన్ని వందల రూపాయలకు మల్టీమీటర్ దొరుకుతుంది. సెల్ఫ్ కొడుతుండగా 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి చూడండి. తొమ్మిదిన్నర వోల్టుల కంటే కిందికి పడితే బ్యాటరీ నీరసించిందన్నా కావాలి, సెల్ఫ్ మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోందన్నా కావాలి. బ్యాటరీ బాగానే ఉంటే, దాని ప్లస్ కొనకూ సెల్ఫ్ మీది పెద్ద నట్టుకూ మధ్య చూడండి. తర్వాత మైనస్ కొనకూ ఇంజను ఒంటికీ మధ్య చూడండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ వైపు కేబులో, దాని బిగింపో చెడింది. కొనలు విప్పి, గీకి, గట్టిగా బిగించడానికి ఖర్చేమీ లేదు.

రెండు: పొగ వస్తోందా?

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా బండి లేవకపోతే సైలెన్సర్ వైపు చూడమని ఒకరికి చెప్పండి. తెల్లగానో బూడిద రంగులోనో పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, సరిగా మండటం లేదు. అప్పుడు నాజిల్స్, పంపు టైమింగ్ చూడాలి. పొగ ఏమాత్రం లేకపోతే డీజిలే అందటం లేదు. మిగిలిన మూడు పరీక్షలు దీనికోసమే.

మూడు: 'టక్' మంటోందా?

చాలా బండ్లలో తాళం తిప్పగానే పంపు మీద ఉండే స్టాప్ సొలినాయిడ్ 'టక్' మని శబ్దం చేస్తుంది. డీజిల్‌కు దారి వదిలేది అదే. దాని లోపలి తీగచుట్ట పాతదైతే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కితే తెగినట్టు ఊరుకుంటుంది. చెయ్యి ఆనించి తాళం తిప్పండి. కదలిక లేకపోతే దాని వైరుకు కరెంటు వస్తోందో లేదో బల్బుతో చూడండి. కరెంటు వస్తున్నా కదలకపోతే సొలినాయిడ్ మార్చాలి. కరెంటే రాకపోతే వైరు, ఫ్యూజు, తాళం చూడాలి. తీగ లాగి ఆపే పాత బండ్లలో ఆ తీగ పూర్తిగా వెనక్కి వెళ్ళిందో లేదో చూస్తే చాలు. ఈ చిన్న వస్తువు కోసం పంపు మొత్తం విప్పించుకున్న వాళ్ళు మనలో ఉన్నారు.

నాలుగు: గాలి పట్టిందా?

ట్యాంకు మూత వదులు చేసి స్టార్ట్ చేయండి. లేస్తే, మూతకుండే గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందన్న మాట. లేవకపోతే ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి గాలి తీయండి. బుడగలు వచ్చి, ఆ తర్వాత లేచిందంటే గొట్టాల్లో, వాషర్లలో ఎక్కడో గాలి లాగుతోంది. బుడగలు లేకుండా చేతి పంపు కొట్టగానే లేచిందంటే ఫీడ్ పంపు నీరసించిందని, లేదా ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం.

ట్యాంకులో డీజిల్ అడుగంటితే కూడా ఇబ్బందే. ఇంజను నుంచి తిరిగొచ్చే వేడి డీజిల్ ఆ కాస్త డీజిల్‌నూ వేడి చేస్తుంది. ఎండాకాలంలో సగానికి తగ్గకుండా చూసుకోండి. కిరోసిన్ కలిసిన డీజిల్ మరీ పలచన. పైగా పంపుకు కావలసిన జిడ్డు దానిలో తక్కువ. చవకగా వచ్చిందని అలాంటిది పోస్తే పంపు ఆయుష్షు తగ్గుతుంది.

ఐదు: తడి గుడ్డ పరీక్ష

ఈ నాలుగూ బాగుంటేనే పంపు మీద అనుమానపడాలి. పంపు లోపల డీజిల్‌ను నొక్కే భాగాల మధ్య సందు వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఏళ్ళ తరబడి దుమ్ము, నీళ్ళు కలిసిన డీజిల్ పోస్తే ఆ సందు పెరుగుతుంది. చల్లటి డీజిల్ చిక్కగా ఉంటుంది కనుక నిలుస్తుంది. వేడెక్కి పలచబడితే సందులోంచి జారిపోతుంది. సెల్ఫ్ మీద ఇంజను నిమిషానికి రెండు వందల చుట్లు అటూ ఇటూగా తిరుగుతుంది. ఆ నెమ్మదిలో జారిపోవడానికి వ్యవధి ఎక్కువ, నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి రాదు. ఒకసారి లేచాక వేగం పెరుగుతుంది కాబట్టి పనిలో లోపం తెలియదు.

ఇంజను ఆగి ఉండగానే మామూలు నీళ్ళలో తడిపిన గోనె గుడ్డ పంపు చుట్టూ చుట్టి పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఇంజను ఇంకా వేడిగా ఉండగానే సెల్ఫ్ కొట్టండి. లేస్తే పంపు అరిగిందని గట్టి గుర్తు. సొలినాయిడ్ కూడా పంపు మీదే ఉంటుంది, గుడ్డతో అదీ చల్లారుతుంది. అందుకే మూడో పరీక్ష ముందే చేసి ఉండాలి. తిరుగుతున్న పంపు మీద బకెట్‌తో చన్నీళ్ళు కుమ్మరించవద్దు. లోపలి భాగాలు పట్టేసి విరిగే ప్రమాదం ఉంది.

చేయకూడని పనులు

స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ కొనలు కలిపి స్టార్ట్ చేయవద్దు. గేరులో ఉంటే బండి మనిషి మీదికి వస్తుంది. గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టవద్దు, ఇంజను పగలవచ్చు, ఒళ్ళు కాలవచ్చు. ట్రాక్టర్ కట్టి లాగినా ఉపయోగం లేదు. ఈ బండ్లలో క్లచ్ ప్లేటు బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది, చక్రాలు తిరిగినా ఇంజను తిరగదు.

పంపు బాగుచేయించాల్సి వస్తే సుమారు 70 కిలోమీటర్ల దూరంలో విజయవాడ ఆటోనగర్ ఉంది. అక్కడైనా ఇంకెక్కడైనా రెండు మాటలు ముందే చెప్పండి. మార్చిన పాత భాగాలు చేతికివ్వాలి. క్యాలిబ్రేషన్ చేసిన కాగితం ఇవ్వాలి, అందులో సెల్ఫ్ వేగంలో ఎంత డీజిల్ వస్తోందో రాసి ఉండాలి. ఏమీ మార్చకుండా డీజిల్ స్క్రూ పెంచి పంపితే నల్ల పొగ వస్తుంది, ఖర్చు పెరుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

మనం ఏం చేయాలి?

నేను మూడు సూచనలు చేస్తున్నాను, గ్రామ కమిటీల్లో చర్చించండి. మొదటిది, బండి పని మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు గంటల మీటరు అంకె ఇద్దరూ రాసుకోవాలి. పని లేకుండా ఇంజను తిరిగిన సమయానికి రైతు డబ్బు కట్టనవసరం లేదని ముందే ఒప్పందం చేసుకోవాలి. టర్బో బండి ఆపే ముందు రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి, దానికి పేచీ పెట్టకండి. రెండోది, కలిసి బండి కొనే రైతులు మధ్యాహ్నం రెండు గంటలు పని చేయించి, ఆపి, పావుగంట ఆగి, మళ్ళీ స్టార్ట్ చేయించి చూశాకే బేరం మాట్లాడాలి. అమ్మేవాడు పొద్దున్నే రమ్మంటాడు, వెళ్ళకండి. మూడోది, యంత్ర పరికరాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వం వాటిని బాగుచేసే శిక్షణ కూడా మండల స్థాయిలో ఊరి కుర్రాళ్ళకు ఇవ్వాలని మన డిమాండ్ల పత్రంలో చేర్చాలి.

ఆపరేటర్లను తిట్టి లాభం లేదు. ఎండలో బండి మీద కూర్చునేది వాళ్ళే, యజమాని బాగుచేయించకపోతే మాటలు పడేదీ వాళ్ళే. వాళ్ళలో చాలామంది మన ఇళ్ళ పిల్లలే. ఈ ఐదు పరీక్షలు వాళ్ళతో కలిసి చేయండి. ఏ బండికి ఏది దొరికిందో రాసి సంఘం ఆఫీసుకు పంపితే, వచ్చే సమావేశంలో అవన్నీ ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.